మినెకోకి ఎవరూ చెప్పలేదు

ఇగరాషి మిసావో ముప్పయ్యేళ్లకు పైగా బస్సులో నిలబడే బతికింది. యాత్రికుల బస్సులో డ్రైవరు పక్కన నిలబడి, తెల్ల తొడుగు వేసుకున్న చేత్తో కిటికీ బయటికి చూపిస్తూ, ఇది ఫలానా కొండ, అది ఫలానా గుడి అని చెప్పడం, జనం కునికిపాట్లు పడుతుంటే పాట అందుకోవడం ఆమె ఉద్యోగం. ఆ మాటలన్నీ కంపెనీవాళ్లు రాసిచ్చినవే. రోజూ అవే.

"చెప్పగా చెప్పగా ఆ కొండని నేనే కట్టించానేమో అనిపిస్తుంది, ఫుసా అక్కా" అనేది నాతో.

పెళ్లి చేసుకోలేదు. తల్లి మంచాన పడితే చివరిదాకా చూసుకుంది. తల్లి పోయాక మా లాండ్రీ వెనక సందులో చిన్న వాటాలోకి మారింది. అలా పరిచయం. గుండ్రటి ముఖం, చలికి ఎర్రబడే బుగ్గలు, మంచి తిండిపుష్టి. జలుబు తప్ప ఇంకో జబ్బు ఎరగదు. రిటైరయ్యాక మాత్రం ఏం చెయ్యాలో తోచక, మధ్యాహ్నం మా దుకాణంలో ఇస్త్రీ బల్ల పక్కన కూర్చుని, ఎక్కడ తిరిగినా సముద్రం కనిపించే మా షోనాయ్ మైదానం గురించి మా ఆయనకే వర్ణించి చెప్పేది. ఆయన పుట్టింది ఇక్కడే.

"ఈవిణ్ణి ఎక్కడైనా పనిలో పెట్టవే, నా చెవులు పోతున్నాయి" అన్నాడాయన ఒకరోజు.

సరిగ్గా అప్పుడే మా ఊరి వైద్య కళాశాల వాళ్లు మనుషుల కోసం వెతుకుతున్నారు. విద్యార్థులను నిజమైన రోగుల దగ్గరికి పంపే ముందు, రోగితో ఎలా మాట్లాడతారో చూసి పరీక్ష పెట్టాలని దేశమంతా కొత్తగా నిబంధన వచ్చింది. ఆ పరీక్షకి రోగులుగా కూర్చునేవాళ్లు కావాలి. కాలేజీ పిల్లల తెల్ల కోట్లన్నీ మా దగ్గరికే ఉతకడానికి వస్తాయి కాబట్టి నాకు ముందే తెలిసింది. మిసావోని లాక్కుని వెళ్లాను.

అక్కడ ఓతకి అనే డాక్టరమ్మ మాకు శిక్షణ ఇచ్చింది. పొట్టిగా, జుట్టు మగవాళ్లలా కత్తిరించుకుని, ఎప్పుడూ తొందరలో ఉండే మనిషి. ఒక్కొక్కరికీ ఒక కాగితం ఇచ్చింది. అందులో పేరు, వయసు, బాధ, ఇంటి సంగతులు ఉంటాయి. విద్యార్థి అడిగితేనే చెప్పాలి. కాగితంలో లేనిది అడిగితే "అదేం లేదండీ" అనాలి. పని ముగిసి గది బయటికి రాగానే మన సొంత పేరు పైకి చెప్పుకోవాలి. లేకపోతే ఆ మనిషి మనతో ఇంటిదాకా వస్తుందని నవ్వుతూ అంది.

నాకు మలబద్ధకం ఇచ్చారు. మా ఆయన రెండు రోజులు పొట్ట పట్టుకుని నవ్వాడు. మిసావోకి తొగాషి మినెకో అనే ఆవిడని ఇచ్చారు. అరవై దాటిన మనిషి, భర్త పోయాడు, రాత్రుళ్లు నిద్ర పట్టదు, తలనొప్పి. అంతే ఉంది కాగితంలో.

మిసావో ఆ కుర్చీలో కూర్చుంటే చూసి తీరాలి. చిన్న గది, బల్ల, రెండు కుర్చీలు, ఒక గోడకి అవతలివైపు నుంచి మాత్రమే చూడగలిగే అద్దం. అద్దం వెనక చీకటి గదిలోంచి మేం చూసేవాళ్లం. తలుపు తీసుకుని లోపలికి వెళ్లేది మిసావో. కుర్చీలో కూర్చునేది వేరే ఎవరో. వెన్ను వంగేది, గొంతు తగ్గేది, బల్ల అంచుని బొటనవేలితో రుద్దుతూ ఉండేది. మిసావోకి అలాంటి అలవాటు లేదు. "మినెకో గారి దగ్గర పరీక్ష పడితే బాగుణ్ణు" అనుకునేవారు పిల్లలు.

మొదటి రెండేళ్లు ఏ గొడవా లేదు. మూడో ఏడు ఆకులు రాలే రోజుల్లో ఒక అమ్మాయి, నేర్పిన ప్రశ్నలు అయిపోయి ఇంకేం అడగాలో తోచక కాబోలు, "మీ వారు ఏం చేసేవారండీ?" అంది.

అది కాగితంలో లేదు. "అదేం లేదండీ" అనాలి. అయితే వెంటనే జవాబు వచ్చింది.

"వలలు బాగుచేసేవారు. ఎడం చేతికి రెండు వేళ్లుండేవి కావు. అయినా ముడి వేస్తే ఎవరూ విప్పలేకపోయేవారు."

ఇంటికి నడుస్తూ అడిగాను. "ఏమ్మా, వేళ్లు లేని మొగుణ్ణి ఎక్కణ్ణించి పట్టుకొచ్చావ్?"

మిసావో నవ్వలేదు. "నేను పట్టుకురాలేదక్కా. ఆ పిల్ల అడిగింది. మినెకోకి తెలుసు. చెప్పింది."

ఓతకి డాక్టరమ్మ దాన్ని తప్పు పట్టలేదు. బాగుంది, అదే ఉంచండి అని కాగితంలో రాసేసింది.

ఆ చలికాలం వకుయి అనే అబ్బాయి వచ్చాడు. ఒక ఏడు పరీక్ష తప్పి మళ్లీ చదువుతున్నవాడు. పొడుగ్గా, మెడ ముందుకు వంచి, అందరికీ క్షమాపణ చెప్పుకుంటున్నట్టు ఉండేవాడు. కోటు ఇవ్వడానికి మా దుకాణానికి వచ్చినా "మీ పని చెడగొట్టానా పిన్నిగారూ" అని అడిగేవాడు. వాడికి మాట్లాడటమే రాదని తోటిపిల్లలు ఏడిపించేవారు. "వకుయి ముందు రోగి కూర్చుంటే రోగే వకుయికి ధైర్యం చెప్పాలి" అనేవారు.

చివర్లో అందరూ ఒక ప్రశ్న అడగాలని నేర్పుతారు. ఇంకేమైనా చెప్పాలనుకుంటున్నారా అని. పిల్లలు గబగబా అనేసి లేచిపోతారు. ఒకరోజు మినెకో ముందు కూర్చున్న వకుయి ఆ మాట అడిగి, ఊరుకున్నాడు. తర్వాత ఏం చెయ్యాలో తెలియక ఊరుకున్నాడో, నిజంగా జవాబు కోసమే ఆగాడో నాకు ఇప్పటికీ తెలియదు. గదిలో చాలాసేపు హీటరు చప్పుడు తప్ప ఏం లేదు. మినెకో బల్ల అంచు రుద్దడం ఆపింది.

"వెన్నులో నొప్పండీ" అంది. "కడుపులోంచి వెనక్కి పొడుచుకుపోతున్నట్టు. పడుకుంటే ఎక్కువ. ముందుకు వంగి కూర్చుంటే కాస్త నయం. తిండి కూడా వాసన కొడుతోంది."

అద్దం వెనక నా పక్కన నిలబడ్డ ఓతకి డాక్టరమ్మ చేతిలో కలం ఆగిపోయింది. కాగితంలో అందులో ఒక్క ముక్క లేదు.

బయటికి రాగానే డాక్టరమ్మ మిసావో చెయ్యి పట్టుకుంది. "ఇగరాషి గారూ, ఎన్నాళ్లుగా ఉంది ఈ నొప్పి?"

"నాకేం నొప్పి లేదండీ. ఆవిడకే."

"ఆవిడ అనేవాళ్లు లేరండీ. నేను రాసిన కాగితం అది. నొప్పి ఉంటే మీకే ఉండాలి."

ఆ వారమే మిసావోని పెద్దాసుపత్రిలో పడుకోబెట్టి, రక్తం తీసి, స్కానింగు తీసి, కడుపులోకి గొట్టం వేసి చూశారు. ఏమీ లేదు. ఆ వయసులో అంత శుభ్రమైన కడుపు చూడలేదని డాక్టర్లు మెచ్చుకున్నారట. మిసావో దుకాణానికి వచ్చి, బీన్స్ పూర్ణం పెట్టిన బియ్యపు ఉండలు, మోచీలు, వరసగా తింటూ చెప్పింది ఆ సంగతి. నాకు గుండె తేలికపడింది.

తర్వాతి సారి అద్దంలోంచి చూశాను. అప్పటికి నాకు ఆ పనంటే భయం పట్టుకోలేదు. ఆ రోజే పట్టుకుంది. లోపలికి వెళ్లేటప్పుడు మిసావో చొక్కా భుజాలకి సరిగ్గా ఉంది. మా ఆయన ఇస్త్రీ చేసిన చొక్కా, నాకు బాగా తెలుసు. కుర్చీలో కూర్చున్న మనిషి మెడ చుట్టూ అదే కాలరు వదులుగా వేలాడుతోంది. చెంపలు లోపలికి పోయాయి. ముఖం దీపం వైపు తిప్పినప్పుడు కంటి తెల్లగుడ్డు పసుప్పచ్చగా ఉంది. ఎదురుగా ఉన్న కుర్రాడు కాగితం చూస్తూ "నిద్ర ఎలా పడుతోందండీ" అని అడుగుతున్నాడు. వాడికి కనిపించలేదు. బయటికొచ్చి "ఇగరాషి మిసావో" అని పేరు చెప్పుకోగానే బుగ్గలు మళ్లీ బుగ్గల్లా ఉన్నాయి.

"నువ్వు చూశావా?" అని డాక్టరమ్మని అడిగాను, మర్యాద కూడా మరిచిపోయి. ఆమె కళ్లద్దాలు తీసి తుడుచుకుంది.

మినెకో కాగితం వాడటం ఆపేశారు. మిసావోకి మోకాలి నొప్పి కాగితం ఇచ్చారు, వేరే పేరుతో. విద్యార్థిని వచ్చి కూర్చుని, తన పేరు చెప్పి, "మీ పేరు చెప్తారా అండీ" అంది.

"తొగాషి మినెకో" అంది ఆ గొంతు. మోకాలి ఊసే లేదు. వెన్ను పట్టుకుని ముందుకు వంగి కూర్చుంది.

దాంతో డాక్టరమ్మ మిసావోని కొన్నాళ్లు రావద్దంది. మర్యాదగానే చెప్పింది. మిసావో ఎదురు చెప్పలేదు. మంచు గట్టిగా పడుతున్న రోజులు. పొద్దున్నే గుమ్మం ముందు మంచు తోసుకుని, మా దుకాణానికి వచ్చి ఆవిరి దగ్గర కూర్చునేది. కొండల గురించీ గుళ్ల గురించీ మాట్లాడటం మానేసింది.

"ఒంట్లో బాగుందా?" అన్నాను.

"నాకేం? రాయిలా ఉన్నాను."

"మరి ఈ ముఖమేంటి?"

ఆవిరికి చేతులు కాచుకుంటూ అంది. "ఆవిడకి తెలీదక్కా. నాకు తెలుసు, నీకు తెలుసు, డాక్టరమ్మకి తెలుసు. ఆవిడకి ఎవరూ చెప్పలేదు. వచ్చినవాళ్లందరూ నిద్ర పడుతోందా అని అడిగి వెళ్లిపోయారు. ఆ గదిలో కూర్చుని ఎదురుచూస్తోంది."

"నువ్వే చెప్పెయ్యవే మరి."

"నేనెలా చెప్తాను? నేనున్న చోట ఆవిడ ఉండదు. ఎదురు కుర్చీలో కూర్చున్నవాళ్లే చెప్పాలి."

మా ఆయన ఇస్త్రీపెట్టె పక్కన పెట్టేసి లోపలికి వెళ్లిపోయాడు. ఆయన నవ్వకుండా వెళ్లడం చూసి నాకు భయం వేసింది.

ఆ శుక్రవారం వకుయి కోటు కోసం వచ్చాడు. కోటు ఇవ్వకుండా అడిగాను. "ఒరే అబ్బాయ్, మినెకో గారికి ఏం జబ్బో నీకు తెలుసా?"

వాడి మెడ ఇంకా వంగిపోయింది. "తెలుసండీ పిన్నిగారూ. ఆ రోజు రాత్రే పుస్తకం తీశాను. చదువుతుంటే చేతులు చల్లబడ్డాయి. లేని మనిషి కదా, నాకెందుకు అనుకున్నాను. కానీ…"

"కానీ?"

"నేను అడిగాను కాబట్టే చెప్పారు కదండీ. అడిగి వదిలేశాను."

"అయితే పద, వచ్చి చెప్పు."

"నేనా? నేను ఇంతవరకూ ఎవరికీ ఏమీ చెప్పలేదు పిన్నిగారూ. ఇంట్లో పరీక్ష తప్పిన సంగతే మా అక్కతో చెప్పించాను."

అయినా ఇద్దరం కలిసి ఓతకి డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాం. తిట్టి పంపేస్తుందనుకున్నాను. ఆమె కిటికీలోంచి మంచు చూస్తూ విన్నది.

"ఆ పేరు నేను నిజంగా ఉన్న ఎవర్నో చూసి పెట్టింది కాదు" అంది. "తొగాషిలు ఈ మైదానంలో ఎక్కడపడితే అక్కడ ఉన్నారు. మినెకో అన్నది ఆ నిమిషానికి తోచింది. ఎవరావిడ, ఎందుకు వచ్చింది, నాకు తెలీదు. నేను నమ్ముతున్నానో లేదో కూడా తెలీదు. కానీ నా గదిలో ఒక రోగి ఉంది, ఆమెకి ఎవరూ నిజం చెప్పలేదు అంటే, నేను ఊరుకుని ఎలా ఉంటాను? రేపు శనివారం, మధ్యాహ్నం గది ఖాళీ."

చెడ్డ కబురు చెప్పేటప్పుడు రోగి పక్కన అయినవాళ్లు ఎవరైనా ఉండాలని ఆమే అంది. మినెకోకి ఎవరూ లేరు. నేను కూర్చుంటానన్నాను.

శనివారం కాలేజీలో పిల్లలు లేరు. మిసావో ఉతికిన చొక్కా వేసుకొచ్చింది. తలుపు దగ్గర నా చెయ్యి గట్టిగా నొక్కి, "ఆవిడ చచ్చిపోతే నేనేమవుతానక్కా?" అంది.

"ఏమవుతావ్? సాయంత్రం మా ఇంట్లో కాడ్ చేపల పులుసు తింటావ్" అన్నాను.

ఆమె లోపలికి వెళ్లింది. నేను వెనకాలే వెళ్లి పక్క కుర్చీలో కూర్చున్నాను. అంత దగ్గర్నించి ఎప్పుడూ చూడలేదు. చేతుల మీద చర్మం కాగితంలా ఉంది. ఒంటి నుంచి సముద్రపు నాచు వాసన, తడిసిన తాళ్ల వాసన వస్తోంది. ఆమె నెమ్మదిగా తల తిప్పి నా వైపు చూసింది. కొత్తవాళ్లని చూసినట్టు, మర్యాదగా.

"మీరెవరండీ?"

నిమిషం కిందట నా చెయ్యి నొక్కిన మనిషి.

"పక్కింటిదాన్నండీ" అన్నాను. "తోడుగా వచ్చాను."

"అయ్యో, ఇంత మంచులో" అని తల వంచి దండం పెట్టింది.

వకుయి వచ్చాడు. తలుపు మూసి, కూర్చుని, తన పేరు చెప్పాడు. "తొగాషి గారూ, పోయినసారి మీరు వెన్ను నొప్పి గురించి చెప్పారు. దాని గురించే పిలిచాను. మంచి కబురు కాదండీ." అని ఆగాడు.

"చెప్పండి బాబూ."

"కడుపు వెనకాల క్లోమం అని ఉంటుంది. అక్కడ క్యాన్సరుంది. బాగా ముదిరింది. దాన్ని తీసెయ్యడం మా చేతుల్లో లేదు. నొప్పి లేకుండా చెయ్యడం ఉంది. అది చేస్తాం."

మినెకో బల్ల అంచు మీద బొటనవేలు పెట్టింది కానీ రుద్దలేదు. హీటరు చప్పుడు. వకుయి ఏమీ అనలేదు. ఆ మౌనాన్ని పట్టుకుని కూర్చున్నాడు. వాడి కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి, తుడుచుకోలేదు, చూపు పక్కకి తిప్పుకోలేదు.

"అలాగా" అంది ఆమె చివరికి. "ఇన్నాళ్లూ అందరూ నిద్ర గురించే అడిగారు. నాకు అనుమానంగానే ఉండేది. అడిగితే ఏమనుకుంటారో అని." తర్వాత వెన్ను పట్టుకుని, "మంచు కరిగేదాకా ఉంటానా?"

"ఉండకపోవచ్చండీ."

"వంకాయ నారు పోద్దామనుకున్నాను" అంది. ఫిర్యాదు కాదు, మామూలుగా అన్న మాట. ఆ తర్వాత మొదటిసారి ఆమె ముఖంలో కంగారు కనిపించింది. నా వైపు తిరిగింది. "పొద్దున్నే ఇంట్లో ఆయన పేర పెట్టుకున్న పూజాపీఠం ముందు అన్నం పెడతాను. నేను పోతే ఆయనకెవరు పెడతారు?"

వకుయికి నేర్పిన దాంట్లో దానికి జవాబు లేదు. వాడు నన్ను చూశాడు.

"నేను పెడతానండీ" అన్నాను. "పేరు చెప్పండి."

"ఈసాకు. చల్లటి అన్నం పెట్టకండేం, ఆయనకి గిట్టదు."

"వేడిగానే పెడతాను."

ఆమె పొడుగ్గా ఊపిరి వదిలింది. వకుయికి తల వంచి, "చెప్పారు. చాలా సంతోషం బాబూ" అంది. లేచి, బల్ల పట్టుకుని నిలదొక్కుకుని, తలుపు తీసుకుని బయటికి నడిచింది.

నేను వెనకాలే పరుగెత్తాను. వరండాలో మిసావో నిలబడి ఉంది. గుండ్రటి ముఖం, నిండైన భుజాలు. సొంత పేరు చెప్పుకోలేదు. వరండా చివరికి చూస్తోంది. ఖాళీ వరండా. ఆ చివర ఉన్న, మనిషి దగ్గరికెళితే దానంతటదే జరిగే గాజు తలుపు అప్పుడే జరిగింది. కొంచెం మంచు లోపలికి కొట్టింది. తలుపు మళ్లీ మూసుకుంది. అద్దం వెనక గదిలోంచి వచ్చిన డాక్టరమ్మ కూడా చూసింది.

"వెళ్లిపోయింది" అంది మిసావో. "వెనక్కి చూడలేదక్కా." అప్పుడు ఏడ్చింది. అది మిసావో ఏడుపే.

ఆ సాయంత్రం చేపల పులుసు రెండు గిన్నెలు తింది.

మంచు కరిగాక ఆమెని మళ్లీ పిలిచారు. డాక్టరమ్మ పాత కాగితమే ఇచ్చి చూసింది. మిసావో చదివింది, కూర్చుంది, అందరిలాగే బాగా చేసింది. నిద్ర పట్టదంది, తలనొప్పంది. బొటనవేలు కదల్లేదు. "ఖాళీ ఇల్లులా ఉందక్కా" అని బయటికొచ్చి చెప్పింది. ఆ కాగితాన్ని మళ్లీ ఎవరికీ ఇవ్వలేదు. మిసావోకి ఏ జబ్బూ రాలేదు, ఇప్పటికీ రాలేదు.

వకుయి ఆ ఏడు అన్ని పరీక్షలూ గట్టెక్కాడు. కొండల్లో ఒక చిన్న ఆసుపత్రిలో చేరాడు. నయం కానివాళ్లని చూసుకునే పని. ఒకసారి కోటేమీ లేకుండా మా దుకాణానికి వచ్చాడు. "ఎంతమందికో చెప్పానండీ తర్వాత" అన్నాడు. "కొత్తగా చేరిన పిల్లలు అడుగుతారు, మీరు మొదట ఎవరికి చెప్పారు సార్ అని. ఏమనాలో తెలీదు."

నేను పోయిన మా అత్తమామల పీఠం పక్కన, ఈసాకుకీ మినెకోకీ ఇంకో రెండు చిన్న గిన్నెలు పెట్టాను. మొదట్లో మా ఆయన "ఎవడే ఈ ఈసాకు, నాకు చెప్పకుండా వచ్చాడు?" అని దెప్పేవాడు. ఒక చలికాలం నాకు జ్వరం వచ్చి లేవలేకపోతే, పొద్దున్నే గిన్నెల చప్పుడు వినిపించింది. కుక్కరు తెరిచి, ఆవిరి పోకముందే, తనే పెడుతున్నాడు.

పోయిన వేసవిలో మిసావో నన్ను తీరం వెంట బస్సులో తీసుకెళ్లింది. రేవు వచ్చిన చోటల్లా దిగి, వలలు బాగుచేసే తొగాషి ఈసాకు అని ఎవరైనా ఉండేవారా, ఎడం చేతికి రెండు వేళ్లు లేవు, అని అడిగింది. ఎవరికీ తెలియదు. ఆఖరి రేవులో నాచు ఆరబెడుతున్న ముసలావిడ పని ఆపకుండానే మమ్మల్ని ఎగాదిగా చూసింది.

"తొగాషిలు ఇక్కడ సగం ఊరున్నారు. ఈసాకు అంటే గుర్తు రావట్లేదమ్మా. మీ వాళ్లా?"

మిసావో సముద్రం వైపు చూసింది.

"అవునండీ" అంది. "మా వాళ్లే."